రోజూ టైమ్ కొట్టడం సాధన కాదు
(800, 1500 మీటర్ల పరుగు మొదలుపెట్టే యువకులకు, తల్లిదండ్రులకు, పీఈటీ ఉపాధ్యాయులకు విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇవాళ మాట్లాడుకునేది 800, 1500 మీటర్ల పరుగు గురించి. కూర్చున్నవాళ్లలో చాలామంది 1600 మీటర్ల కోసం వచ్చారని తెలుసు. కొందరు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, కొందరు అగ్నివీర్ ర్యాలీకి. మంచిదే. 1500కి, 1600కి మధ్య తేడా నూరు మీటర్లు, సాధన మాత్రం ఒకటే. కాబట్టి ఎవరూ లేచి వెళ్లనక్కర్లేదు.

తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద గానీ, యూనివర్సిటీ గ్రౌండ్‌లో గానీ, ఉక్కునగరంలో గానీ చూడండి. కుర్రాడు వస్తాడు. రెండు నిమిషాలు చేతులూ కాళ్లూ తిప్పుతాడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, ప్రాణం పెట్టి నాలుగు ల్యాపులు (ఒక్కోటి 400 మీటర్ల చుట్టు) కొడతాడు. మోకాళ్ల మీద చేతులేసుకుని వంగి టైమ్ చూసుకుంటాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మొదట్లో టైమ్ బాగానే తగ్గుతుంది. మూడు, నాలుగు వారాలకి ఆగిపోతుంది. ఆ తర్వాత పెరగడం మొదలవుతుంది, దాంతోపాటే పిక్క ముందు ఎముక నొప్పీ వస్తుంది. చివరికి ‘నాకు దమ్ము లేదు’ అని మానేస్తాడు. దమ్ము లేక కాదండీ. రోజూ పబ్లిక్ పరీక్ష రాసేవాడు పాఠం చదివేది ఎప్పుడు?

ఇవాళ చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. నెమ్మదిగా పరిగెత్తే రోజు నిజంగా నెమ్మదిగా పరిగెత్తాలి. వేగంగా పరిగెత్తే రోజు ముక్కలు ముక్కలుగా, విశ్రాంతి తీసుకుంటూ పరిగెత్తాలి. ఆ రెండింటికీ మధ్యలో రోజూ ఆయాసపడుతూ పరిగెత్తడం వల్ల అలసట మిగులుతుంది, అంతే.

ఎందుకని? మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్ అయిన 100 మీటర్ల హర్డిల్స్ 13 సెకన్లలో అయిపోతుంది. అంత కొద్ది సమయంలో కండరం తనలో దాచుకున్న శక్తితోనే పని నడిపిస్తుంది, ఊపిరితో పెద్దగా పనిలేదు. 800కి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. రెండు ల్యాపులే కదా, స్ప్రింటే కదా అనుకుంటారు. కానీ 800లో ఖర్చయ్యే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు మీరు పీల్చే ఆక్సిజన్ ద్వారా వచ్చేదే. 1500లో అది నాలుగింట మూడు వంతులు దాటుతుంది. ఆక్సిజన్‌ని కండరం దాకా చేర్చే సన్నటి రక్తనాళాలు, కండరంలో దాన్ని వాడుకునే వ్యవస్థ, ఇవి పెరిగేది నెలల తరబడి చేసే తేలిక పరుగుతో. ఒగుర్చుకుంటూ కొట్టే నాలుగు ల్యాపులతో అవి అంతగా పెరగవు, ఎందుకంటే ఆ పరుగు ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. మర్నాడు మళ్లీ పరిగెత్తే ఓపికా మిగలదు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేద్దాం. మర్నాడు కాళ్లు పట్టేస్తే ‘లాక్టిక్ యాసిడ్ పేరుకుంది’ అంటారు. పరుగులో పుట్టిన లాక్టేట్ గంటా గంటన్నరలోనే రక్తంలోంచి పోతుంది. మర్నాటి నొప్పి కండర పోగుల్లో పడ్డ సన్నటి దెబ్బల వల్ల వచ్చేది. మసాజ్ చేయించుకుంటే హాయిగా ఉంటుంది గానీ, పిండి బయటికి తీసే యాసిడ్ అక్కడేమీ ఉండదు.

సరే, మొదలుపెట్టడం ఎలా?

ఆగకుండా పది నిమిషాలు పరిగెత్తలేని వాళ్లు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, ఇలా పది పన్నెండు సార్లు చేయండి. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. వారం గడిచేకొద్దీ పరుగు నిమిషాలు పెంచండి, నడక అలాగే ఉంచండి. నాలుగైదు వారాల్లో 20 నిమిషాలు ఏకబిగిన వస్తుంది. ఇప్పటికే పరిగెత్తగలిగేవాళ్లు వారానికి నాలుగు రోజులు, రోజుకి 20 నిమిషాలతో మొదలుపెట్టి, ప్రతి వారం ఒక్కో పరుగుకి మూడు, నాలుగు నిమిషాలు కలుపుకుంటూ వెళ్లండి. నాలుగో వారం మాత్రం పెంచకండి, మూడో వంతు తగ్గించండి. ఎనిమిదో వారానికి మామూలు రోజుల్లో 35 నిమిషాలు, ఆదివారం 45 నుంచి 50 నిమిషాలు ఉంటే మొదటి మెట్టు ఎక్కినట్టే.

ఏ వేగంతో? పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. ‘రేపు కాలేజీకి వస్తున్నావా, రికార్డు రాశావా’ అని ఒక్క ఊపిరిలో అనగలిగితే వేగం సరైనది. రెండేసి మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఎక్కువైందన్నమాట. అంకె కావాలంటే ఇలా చూడండి. 1600 మీటర్లు 6 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తేవాడికి ల్యాపు 100 సెకన్లు, అంటే కిలోమీటరుకి 4 నిమిషాల 10 సెకన్లు. అతని తేలిక పరుగు కిలోమీటరుకి 6 నిమిషాల 15 సెకన్ల నుంచి 6 నిమిషాల 45 సెకన్ల మధ్య ఉండాలి. అవును, అంత నెమ్మదిగా. పక్కనుంచి రిటైరైన పెద్దాయన దాటిపోతే పోనివ్వండి. కుర్రాళ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే, ఎవరో దాటారని రోషం వచ్చి తేలిక రోజుని పోటీ రోజు చేసుకుంటారు.

మన ఊరి గాలి సంగతి మర్చిపోకూడదు. విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో థర్మామీటరు చూపించే అంకె విజయవాడ కంటే తక్కువే. కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోయిన చెమటతో ఉపయోగం లేదు. అప్పుడు చర్మం వైపు ఎక్కువ రక్తం పంపాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది, కాళ్లకి వెళ్లేది తగ్గుతుంది. అందుకని ఎండాకాలంలో అదే ప్రయాసకి కిలోమీటరుకి 15 నుంచి 30 సెకన్లు ఎక్కువ పట్టడం సహజం. ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో వాచీ ఇంట్లో పెట్టి రండి. ఐదూ ఐదున్నరకి మొదలుపెట్టి ఎండ పొడిచేలోగా ముగించండి. బయల్దేరే ముందోసారి, వచ్చాక ఒళ్లు తుడుచుకుని ఇంకోసారి బరువు చూసుకోండి. అరకిలో తగ్గితే సుమారు అర లీటరు నీరు పోయిందన్నమాట. దానికి కొంచెం ఎక్కువే, 600 నుంచి 700 మిల్లీలీటర్లు, గంటా రెండు గంటల్లో నింపుకోండి. ఉప్పు వేసిన మజ్జిగ చాలు. ఓఆర్ఎస్ వాడితే ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలోనే కలపాలి. పెద్ద ప్యాకెట్‌కి లీటరు. అర గ్లాసులో కలిపి చిక్కగా తాగితే కడుపు తిప్పుతుంది.

పరిగెడుతున్న మనిషి తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా అది మామూలు అలసట కాదు, వడదెబ్బ. చెమట పడుతోంది కదా, పర్లేదు అనుకోకండి. పరిగెత్తేవాళ్లకి చెమట కారుతుండగానే వడదెబ్బ తగులుతుంది. నీడలోకి లాగి, బకెట్ల కొద్దీ నీళ్లు ఒంటి మీద పోస్తూ 108కి ఫోన్ చేయండి. చల్లబరచడం ముందు, తరలించడం తర్వాత.

ఇక ఎక్కడ పరిగెత్తాలి? బీచ్ రోడ్డు చల్లగా ఉంటుంది, పొద్దున్న బండ్లు ఉండవు, తేలిక పరుగుకి బాగుంటుంది. కానీ వాన నీళ్లు పోవడానికి రోడ్డుని అంచుల వైపు వాలుగా వేస్తారు. ఎప్పుడూ ఒకే అంచున పరిగెడితే ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడుతుంది. వెళ్లేటప్పుడు ఏ అంచున వెళ్లారో వచ్చేటప్పుడూ అదే అంచున రండి, రెండు కాళ్లకీ సమానమవుతుంది. అలల దగ్గర తడి ఇసుకకీ ఇదే సూత్రం, అది సముద్రం వైపు వాలి ఉంటుంది. పొడి ఇసుకలో పరుగు సినిమాల్లో బాగుంటుంది. అక్కడ మడమ లోతుకి దిగిపోయి పిక్క, మడమ వెనకాల టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) రెట్టింపు పనిచేస్తాయి. మొదటి మూడు నెలలు దాని జోలికి వెళ్లకండి. మట్టి గ్రౌండు, గడ్డి నేల దొరికితే అన్నిటికన్నా మేలు.

పీఈటీ మాస్టార్లకి ఒక మాట. మన బళ్లలో 400 మీటర్ల ట్రాక్‌కి జాగా ఉండదు, 200 మీటర్లది వేస్తారు. అది నిజంగా 200 ఉందా లేదా అన్నది చాలాచోట్ల అనుమానమే. గట్టు లేని ట్రాక్‌లో లోపలి గీతకి 20 సెంటీమీటర్లు అవతల దూరం కొలవాలి, ఇటుకలో పైపో పెట్టి గట్టు కట్టినచోట 30 సెంటీమీటర్లు. 40 మీటర్ల స్ట్రెయిట్లు (తిన్నటి భాగాలు) రెండు తీసుకుంటే 80 పోయింది, వంపులకి 120 మిగిలింది. కొలత గీతకి వ్యాసార్థం 19 మీటర్ల 10 సెంటీమీటర్లు. ముగ్గు పోసే గీతకి 18 మీటర్ల 90 సెంటీమీటర్లు. మధ్యలో మేకు కొట్టి స్టీల్ టేపుతో తిప్పండి, తాడు సాగుతుంది. సున్నం వద్దు, పిల్లల కళ్లలో పడితే కాలుస్తుంది, ముగ్గుపిండి వాడండి. ఆ చిన్న వంపుల్లో ఎడమ కాలి మీద భారం ఎక్కువ పడుతుంది కాబట్టి వార్మప్, తేలిక జాగింగ్ సవ్యదిశలో చేయించండి. వేగం ల్యాపులు మాత్రమే మామూలు దిశలో.

ట్రాక్ మీద జీపీఎస్ వాచీని నమ్మకండి. వంపుల్లో అది దారి తప్పుతుంది. గీతలు చూసి స్టాప్‌వాచ్ నొక్కండి.

మూడో వారం నుంచి తేలిక పరుగు అయ్యాక స్ట్రైడ్స్ కలపండి. 80 మీటర్ల దూరం, మొదటి 30 మీటర్లలో మెల్లగా వేగం అందుకుని, మధ్యలో 30 మీటర్లు హాయిగా వేగంగా సాగి, చివర మెల్లగా వదిలేయడం. నాలుగుతో మొదలుపెట్టి ఆరుకి. ఒక్కో దానికి మధ్య నడుచుకుంటూ వెనక్కి రండి, నిమిషం, నిమిషంన్నర. ఇది స్ప్రింట్ కాదు, పళ్లు బిగించారంటే ఎక్కువ కొట్టినట్టే. వేగంగా కదలడం కాళ్లకి గుర్తుండాలి, ఆయాసం రాకూడదు, అంతవరకే. వారానికి రెండుసార్లు. నా లెక్కలో కొత్తవాళ్ల సాధనలో అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం ఇచ్చేది ఇదే, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే.

పరుగు తీరు గురించి ఎక్కువ చెప్పను. అడుగు ఒంటి ముందు దూరంగా పడకూడదు, అలా పడితే ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టవుతుంది. భుజాలు చెవుల దాకా లేవకూడదు. చేతులు ఛాతీకి అడ్డంగా ఊగకుండా ముందుకీ వెనక్కీ కదలాలి. ఆఖరి 200 మీటర్లలో ఇవి మూడూ ఒకేసారి చెడతాయి. అప్పుడు సరిచేసుకోవడం అలవాటు కావాలంటే స్ట్రైడ్స్‌లోనే అలవాటు చేసుకోవాలి.

ఐదో వారం నుంచి వారానికోసారి ఎత్తు. నాలుగైదు శాతం వాలు చాలు, అంటే నూరు మీటర్లకి నాలుగైదు మీటర్ల ఎత్తు. బీచ్ రోడ్డు నుంచి ఊళ్లోకి ఎక్కే రోడ్లలో ఇలాంటి వాలు దొరుకుతుంది. కేజీహెచ్ ఆసుపత్రి డౌన్ రోడ్డు మాత్రం వద్దండీ బాబూ, అంబులెన్సులు తిరిగే దారి అది. కైలాసగిరి, సింహాచలం ఘాట్ రోడ్లు ఇప్పుడే అక్కర్లేదు, అవి పొడుగు ఎక్కుళ్లు. మనకి కావాల్సింది 10 నుంచి 12 సెకన్ల ఎక్కుడు, ఆరు నుంచి ఎనిమిది సార్లు, దిగేది నడకతో. ఎత్తులో కాలు నేలని తన్నే బలం పెరుగుతుంది, వేగం తక్కువ కాబట్టి తొడ వెనక కండరం పట్టేసే ప్రమాదం తక్కువ.

తొమ్మిదో వారం దగ్గర అసలు ట్రాక్ పని మొదలవుతుంది. అంతకుముందు ఒక్కసారి 1600 టైమ్ తీసుకోండి. దాన్నిబట్టే అన్ని వేగాలూ కట్టాలి, కోరుకున్న టైమ్‌ని బట్టి కాదు. ‘నాకు 5.30 కావాలి కాబట్టి 82 సెకన్ల ల్యాపులు కొడతాను’ అంటాడు, ఇవాళ అతను 6.40 మనిషి. రెండో ల్యాపుకే కూలబడతాడు. ఇవాళ ఎక్కడున్నారో అక్కణ్నుంచి మొదలుపెట్టాలి.

ఆ 6.40 మనిషి వారం ఎలా ఉంటుందో చెబుతాను, మీ టైమ్‌కి తగ్గట్టు మార్చుకోండి. సోమవారం 30 నుంచి 35 నిమిషాల తేలిక పరుగు. మంగళవారం 200 మీటర్లవి ఎనిమిది, ఒక్కోటి 50 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాలు నడకా జాగింగూ. 50 సెకన్లంటే అతని ఇవాళ్టి రేసు వేగమే. మొదటిది 44లో కొట్టేయాలనిపిస్తుంది, కొట్టొద్దు. మొదటిదానికి, ఎనిమిదోదానికి తేడా రెండు సెకన్లు మించితే మొదటిది తప్పు. బుధవారం విశ్రాంతి. గురువారం తేలిక పరుగు, స్ట్రైడ్స్. శుక్రవారం ఒక వారం టెంపో, ఒక వారం 400లు. టెంపో అంటే ఆరేసి నిమిషాలు మూడుసార్లు, కిలోమీటరుకి 5 నిమిషాల వేగం, అంటే ల్యాపుకి 2 నిమిషాలు, మధ్యలో నిమిషంన్నర నడక. మూడు, నాలుగు మాటలు మాట్లాడగలిగేంత కష్టం ఉండాలి. 400లంటే ఐదు లేదా ఆరు, ఒక్కోటి 107 నుంచి 108 సెకన్లలో, మధ్యలో నిమిషంన్నర మెల్లగా జాగింగ్. శనివారం విశ్రాంతి లేదా నడక. ఆదివారం 50 నిమిషాలు తేలికగా. రెండు వేగం రోజుల మధ్య కనీసం 48 గంటలు ఉండాలి. కాలేజీ వల్ల రోజులు మారితే మార్చుకోండి, ఆ 48 గంటలు మాత్రం తగ్గించకండి.

ట్రాక్ రోజు వార్మప్‌కే 25 నిమిషాలు కేటాయించండి. పది పన్నెండు నిమిషాల జాగింగ్, కాళ్లు ముందుకీ పక్కకీ ఊపడం, హై నీస్ (మోకాళ్లు పైకెత్తే పరుగు), స్కిప్పింగ్ అడుగులు 20 మీటర్ల చొప్పున రెండేసి సార్లు, ఆపైన నాలుగు స్ట్రైడ్స్. కాలు పట్టుకుని అరనిమిషం లాగే స్ట్రెచింగ్ పరుగు అయ్యాకే.

పొద్దున్న లేవగానే మంచం మీదే నాడి చూసుకోండి. రోజూ 60 ఉండేది 68 ఉంటే ఒళ్లు ఇంకా తేరుకోలేదు, ఆ రోజు ట్రాక్ పని మానేసి తేలిక పరుగు చేయండి.

ఇక దెబ్బల గురించి. గుండె, ఊపిరి నాలుగు వారాల్లో మెరుగవుతాయి. ఎముకకి, టెండన్‌కి నెలలు పడుతుంది. అందుకే ‘నాకేం ఆయాసం రావట్లేదు, ఇంకా పెంచేస్తాను’ అనుకున్నప్పుడే ఎముక దెబ్బతింటుంది. పిక్క ఎముక లోపలి అంచు పొడుగునా నొప్పి ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే పరుగు సగానికి తగ్గించి, వారం పది రోజులు చూడండి. వేలితో నొక్కితే ఒకే చోట చుక్కలా నొప్పి ఉన్నా, ఒంటికాలి మీద గెంతితే గుచ్చినట్టున్నా, రాత్రి పడుకున్నప్పుడు సలిపినా పరుగు ఆపేసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎముకలో సన్నటి చీలిక మొదటి రెండు, మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగుంది’ అని మళ్లీ పరిగెత్తినవాళ్లే ఆరు వారాల్లో పోయేదాన్ని ఆరు నెలలు చేసుకుంటారు.

రాకుండా చూసుకోవడానికి మెట్టు అంచున నిలబడి ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం, 15 చొప్పున రెండుసార్లు, ఒకసారి మోకాలు నిటారుగా, ఒకసారి కొంచెం వంచి. దించేటప్పుడు మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా. దాంతోపాటు ఒంటికాలి గుంజీలు, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలపడం), పక్కకి ప్లాంక్. వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు. జిమ్ అక్కర్లేదు.

తిండి గురించి రెండే మాటలు. పొద్దున్నే వెళ్లేవాళ్లకి బయల్దేరే ముందు ఒక చక్కెరకేళి అరటిపండు చాలు. వచ్చాక గంటలోగా కడుపునిండా తినాలి. ఇడ్లీ, గుడ్లు, చోడి (రాగి) అంబలి, చద్దన్నంలో పెరుగు, ఏది ఉంటే అది. ఆడపిల్లల తల్లులు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. పరుగు మొదలుపెట్టాక నెలసరి ఆగిపోతే అది ‘బాగా సాధన చేస్తోంది’ అనడానికి గుర్తు కాదు. తిండి చాలట్లేదని అర్థం, ఎముకలు బలహీనపడతాయి. మూడు నెలలు రాకపోతే డాక్టరుకి చూపించండి. ఊరికే నీరసపడుతూ టైమ్ దిగజారుతుంటే హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ కూడా చూపించండి, హిమోగ్లోబిన్ బాగున్నా ఇనుము నిల్వ అడుగంటి ఉండొచ్చు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, గంట ఆగండి.

ఇప్పుడు రేసు. 800లో మొదటి వంపు ఎవరి లేన్‌లో వాళ్లే పరిగెత్తాలి, ఆ తర్వాత గీత దాటాక లోపలికి రావచ్చు. గీత దాటగానే అడ్డంగా తెగ్గోసి రాకండి. ఎదుటి స్ట్రెయిట్ పొడుగునా ఏటవాలుగా జరుగుతూ రండి, లేకపోతే దూరం పెరుగుతుంది, ఎవరి కాలో తగులుతుంది.

800లో మొదటి ల్యాపు కాస్త వేగంగా పోవడం తప్పు కాదు. 2012 లండన్‌లో డేవిడ్ రుడిషా 1 నిమిషం 40.91 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు మొదటి 400 మీటర్లు 49.28లో వెళ్లాడు, రెండోది 51.63 అయ్యింది. అంతటివాడికే రెండు సెకన్ల పైన తేడా. 1976 మాంట్రియల్ ఫైనల్లో మన శ్రీరామ్ సింగ్ మొదటి ల్యాపు అందరికన్నా ముందు 50.85లో దాటాడు. ఏడో స్థానంలో 1.45.77తో ముగించాడు. ఆ టైమ్ 2018లో జిన్సన్ జాన్సన్ 1.45.65 పరిగెత్తే దాకా, 42 ఏళ్లు జాతీయ రికార్డుగా నిలిచింది. ఓడిపోయిన రేసు అని కొట్టిపారేయకండి, ముందుండి వేగం నిలబెట్టడం అంటే ఏమిటో దాంట్లో ఉంది. మీరు రెండున్నర నిమిషాలకి ప్రయత్నిస్తే మొదటి 200 మీటర్లు 36 సెకన్లు, ఆ తర్వాత ప్రతి 200కి 38 పెట్టుకోండి. 400 దగ్గర 1.14, 600 దగ్గర 1.52. మొదటి 200 మీటర్లు 32లో కొట్టినవాడు 500 దగ్గర కాళ్లు కట్టేసినట్టు ఆగిపోతాడు. ముందు దాచుకున్న నాలుగు సెకన్లకి చివర పది చెల్లిస్తాడు.

1500 మొదలయ్యేది ముగింపు గీత దగ్గర కాదు. మొదట 300 మీటర్లు, ఆపైన మూడు ల్యాపులు. 5.30కి ప్రయత్నిస్తే నూరు మీటర్లకి 22 సెకన్లు. ముగింపు గీతని మొదటిసారి దాటేటప్పుడు 1.06, తర్వాత 2.34, తర్వాత 4.02. అందరూ జారేది 700కి, 1100కి మధ్యనున్న ల్యాపులో. ఉత్సాహం అయిపోయి ఉంటుంది, ముగింపు కనబడదు. ఆ ల్యాపులో వేగం పెంచాలన్నంత కష్టపడితేనే అదే వేగం నిలుస్తుంది.

ర్యాలీలకి వెళ్లేవాళ్లు ఈ లెక్క రాసుకోండి. గుంపుతో కలిసి రెండో లేన్‌లో ఒక ల్యాపు తిరిగితే 7 మీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టు. నాలుగు ల్యాపులకి 28 మీటర్లు. ఐదున్నర నిమిషాల వేగంలో అది దాదాపు ఆరు సెకన్లు. ఎవరినైనా దాటాలంటే స్ట్రెయిట్‌లో దాటండి, వంపులో లోపలి గీత పట్టుకుని ఉండండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

(స్పైక్స్, అంటే అడుగున మేకులుండే బూట్లు, ఎప్పుడు కొనాలి అని ఒకరు అడిగారు.)

పన్నెండు వారాల దాకా మామూలు రన్నింగ్ షూ చాలు. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి, ఎందుకంటే పరుగులో పాదం ఉబ్బుతుంది. స్పైక్స్‌కి మడమ పల్చగా ఉండి పిక్క ఎక్కువ సాగుతుంది. కాబట్టి మొదటి రెండుసార్లు స్ట్రైడ్స్‌కే వాడి, ఆ తర్వాత 200లకి తొడగండి. సింథటిక్ ట్రాక్‌కి 6 మిల్లీమీటర్ల మేకులు సరిపోతాయి, మన ఈవెంట్లకి నిబంధన 9 మిల్లీమీటర్లు దాటనివ్వదు. అధికారిక పోటీలకి వెళ్లేవాళ్లు బూటు అడుగు మందం కూడా చూసుకోండి. 2024 నవంబరు నుంచి ట్రాక్ ఈవెంట్లన్నిటికీ 20 మిల్లీమీటర్లే పరిమితి. రోడ్డు రేసు కోసం చేసిన దళసరి బూట్లు చాలావరకు దీనికి పనికిరావు.

(పదేళ్ల బాబుకి ఇంటర్వెల్స్, అంటే మధ్యలో విశ్రాంతితో ముక్కలుగా చేసే వేగం పరుగు, చేయించవచ్చా అని ఒక తల్లి అడిగారు.)

వద్దమ్మా. ఆడుకోనివ్వండి. కబడ్డీ, ఫుట్‌బాల్, గెంతులు, 30, 40 మీటర్ల పరుగు పందేలు, వారానికి రెండు రోజులు కాసేపు తేలిక పరుగు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి ఒగుర్చే ఇంటర్వెల్స్ చేయిస్తే ఆ ఏడాది పతకం రావచ్చు, పదహారేళ్లకి పరుగంటేనే విసుగు పుడుతుంది.

(నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తవచ్చా?)

వేసుకోకండి. నీళ్లు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు చాలావరకు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. పైగా ఆగమని చెప్పే నొప్పి తెలియదు. ఎవరో ఇచ్చిన పొడులు, ఇంజెక్షన్లు అసలే వద్దు. ఏం కలిపారో మీకు తెలియదు, డోప్ పరీక్షలో దొరికితే తెలియదన్న సమాధానం చెల్లదు.

(ఐదు వారాల్లో కానిస్టేబుల్ ఈవెంట్ ఉంది, 1600 మీటర్లు 8 నిమిషాల్లో రావాలి, ఇప్పుడు 8.40 వస్తోంది, ఏం చేయాలి?)

8 నిమిషాలంటే ల్యాపుకి 2 నిమిషాలు, మీకిప్పుడు 2.10 పడుతోంది. ఐదు వారాల్లో అందుతుంది, రోజూ 1600 కొట్టడం మానేస్తే. వారానికి మూడు రోజులు 25 నుంచి 30 నిమిషాల తేలిక పరుగు, అవసరమైతే మధ్యలో నడవండి. ఒక రోజు 400లు నాలుగు, ఒక్కోటి కచ్చితంగా 2 నిమిషాల్లో, మధ్యలో రెండు నిమిషాల నడక. రెండో వారం ఐదు, మూడో వారం విశ్రాంతిని నిమిషంన్నరకి, నాలుగో వారం నిమిషానికి తగ్గించండి. 1.50లో కొట్టగలిగినా 2 నిమిషాలకే కొట్టండి, ఆ వేగం కాళ్లకి తెలియాలి. నాలుగో వారం మొదట్లో ఒక్కసారి 1200 టైమ్ చూసుకోండి. 6 నిమిషాల్లో వచ్చి ఇంకా కాస్త ఓపిక ఉంటే దారిలో ఉన్నట్టే. ఈవెంట్‌కి ఐదు రోజుల ముందు ఆఖరి 400లు, అవీ మూడే. ముందురోజు 15 నిమిషాలు జాగింగ్, నాలుగు స్ట్రైడ్స్. కొత్త బూట్లు, కొత్త మేజోళ్లు ఆ రోజు మొదటిసారి తొడగకండి. మన తేమలో రెండో ల్యాపుకే పాదం బొబ్బలెక్కుతుంది.